పాత డిస్కు, కొత్త కంప్యూటరు

(ఆత్మకూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కంప్యూటరు మార్చిన వైనం చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఇంజనీరు చెప్పవలసిన సంగతి గుమస్తా చేత చెప్పించడమేమిటని మీకు అనిపించవచ్చు. ముప్పైయేళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగమే రికార్డులను ఒక బీరువాలో నుండి తీసి మరో బీరువాలో సర్దడం. కనుక నాకూ కొంత అర్హత ఉన్నదనే అనుకుంటున్నాను.

మన పాత కంప్యూటరు 2006లో కొన్నది. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. దానికి కంపెనీవారి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. అయినా మనం వాడుతూనే వచ్చాము. కిందటి ఎండాకాలంలో మదర్‌బోర్డు పోయి పూర్తిగా మొరాయించింది. "కొత్తది తీసుకోండి సార్, దీన్ని పాత సామానుకు వేసేయండి" అన్నాడు షాపు అబ్బాయి. "డిస్కు విప్పి నా చేతికివ్వు నాయనా, తక్కినది నీ ఇష్టం" అన్నాను. బోర్డు పోయినంత మాత్రాన డిస్కు పోదు. ఆఫీసు కప్పు కూలినా ఇనుప బీరువా నిలిచే ఉంటుంది గదా.

ఆ డిస్కు మీద అంత పట్టుదల ఎందుకంటే, మన సభ్యులొకరు నిరుడు పరమపదించారు. పెన్షను చెల్లింపు ఉత్తర్వులో వారి భార్య పేరు ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా ఉన్నది. ఆయన 2011లోనే సంఘం ద్వారా అర్జీ పెట్టుకున్నారు. పేరు సరిచేసినట్లు జవాబు కూడా వచ్చింది. ఆ కాగితం మాత్రం ఇంట్లో దొరకలేదు. "సంఘంలో కాపీ ఉంటుందని ఆయన చెప్పేవారన్నా" అన్నది చెల్లెమ్మ. ఆ కాపీ ఉన్నది ఈ డిస్కులోనే. ఆమెకు రావలసిన కుటుంబ పెన్షను ఆ ఒక్క కాగితం దగ్గర ఆగి ఉన్నది.

పాత డిస్కును కొత్త కంప్యూటరులో బిగిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. అలా కుదరదు. పాతదానికి నలభై పిన్నుల వెడల్పాటి పట్టీ తీగ ఉండేది. కొత్త కంప్యూటర్లలో దానికి చోటే లేదు. ఇప్పుడు డిస్కు బదులు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల చిన్న పలక వస్తున్నది. ఒకవేళ ఎలాగో తగిలించినా, పాత విండోస్ కొత్త బోర్డును గుర్తుపట్టక నీలం తెర చూపి ఆగిపోవచ్చు. అందువల్ల పాత డిస్కుతో కంప్యూటరును నడిపించాలని చూడకుండా, అందులోని కాగితాలు మాత్రం తీసుకోవాలి. దానికి యూఎస్‌బీ అడాప్టరు దొరుకుతుంది. పెద్ద డిస్కుకు 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి గనుక, కరెంటు ప్లగ్గు కూడా ఉన్న అడాప్టరే అడగాలి. ఆత్మకూరులో దొరకక మేము నంద్యాల నుండి తెప్పించాము.

తగిలించగానే ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఔననకండి. డిస్కు టకటకమని చప్పుడు చేస్తే వెంటనే కరెంటు తీసేసి తెలిసినవారికి చూపండి. మనది చప్పుడు చేయలేదు గానీ, ఫోల్డరు తెరవబోతే అనుమతి లేదన్నది. పాత యూజరు పేరుతో ఉన్న తాళమది. అడ్మినిస్ట్రేటరుగా ఆ ఫోల్డరును మన పేరు మీదకు మార్చుకుంటే తెరుచుకున్నది.

కాపీ చేసేటప్పుడు నేను చార్జి అప్పగింత పద్ధతే పాటించాను. ఇక్కడెన్ని ఫైళ్ళు, అక్కడెన్ని, సైజు ఎంత అని రాసుకుని సరిచూసి కార్యదర్శిగారి చేత సంతకం చేయించాను. అబ్బాయి నవ్వాడు. నవ్వనీయండి.

అసలు చిక్కు తరువాత వచ్చింది. ఫైళ్ళన్నీ వచ్చాయి, తెలుగు రాలేదు! చెల్లెమ్మగారి భర్త అర్జీ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, చుక్కలు. ఆ రోజుల్లో మనం అను ఫాంట్లలో కొట్టేవాళ్ళం. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతమే, దానికి తెలుగు ముసుగు వేసేది ఫాంటు. కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేదు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత నంబరుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మన పాత ఎక్స్‌పీలో కూడా గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉండేది. డీటీపీ సెంటర్ల అలవాటు వల్ల మనమంతా అను వైపే వెళ్ళాము. ఇప్పుడు అను నుండి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. అర్జీని అలా మార్చితే చదవడానికి వచ్చింది గానీ ఒత్తులు కొన్ని చెదిరాయి. జవాబు లేఖ స్కాను చేసిన బొమ్మ గనుక దానికి ఫాంటుతో పని లేదు. నంబరు, తేదీ, సంతకంతో సహా ఉన్నదున్నట్లు తెరుచుకున్నది. దాన్ని అచ్చు తీసి చెల్లెమ్మ దరఖాస్తుకు జతచేశాము.

విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. మీ ఇళ్ళలోనూ పిల్లలు కంప్యూటర్లు మారుస్తారు. పాతదాన్ని డిస్కుతో సహా అమ్మనీయకండి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కుల కాపీలు చెరిపేశామనుకున్నా లోపల మిగిలే ఉంటాయి.

సంఘం ఫైళ్ళు ఇప్పుడు కొత్త కంప్యూటరులో ఒకటి, కార్యదర్శిగారింట్లో ఒకటి, రెండు ప్రతులున్నాయి. పాత డిస్కును కవరులో పెట్టి, పైన ఆర్.డిస్. అని నేనే రాసి బీరువాలో ఉంచాను. అంటే శాశ్వతంగా దాచవలసినదని మన పాతవారికి వేరే చెప్పనక్కరలేదు. సంఘం ద్వారా అర్జీలు పెట్టినవారు పేరు, సంవత్సరం రాసుకుని శనివారం రండి, వెతికి ఇస్తాము. కళ్ళజోడు మరవకండి, ఒత్తులు దిద్దే పని ఇంకా చాలా ఉన్నది.