కాలివేలికి తగిలిన ఎదురుదెబ్బ



ఈసారి మేము ఎత్తుకున్న విషయం చాలా చిన్నది. కాలివేళ్ళు. నవ్వకండి. ఆదివారంనాడు మన దమ్మాయిగూడ ఖాళీ జాగాల్లో ఆడుకునే పిల్లల కాళ్ళు ఒకసారి చూడండి. సగంమందికి చెప్పులు, మిగతావాళ్ళకు అవీ లేవు. ఎదురుదెబ్బ అనే మాటను పత్రికలవాళ్ళు ఎన్నికల వార్తలకు వాడేసుకున్నారు గానీ, దాని అసలు చోటు బొటనవేలే.

వట్టికాళ్ళతో ఆడితేనే కాళ్ళు గట్టిపడతాయని వాదించేవారు మనలో ఉన్నారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు, మెప్పు పొందారు, నిజమే. కానీ 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడాక మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఆ తర్వాతే మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ జట్టు 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం పుట్టింది ఎక్కడో కాదు, మన పక్కనున్న అమ్ముగూడలో. బూటు వేసుకున్నందుకు వాళ్ళ ఆట తగ్గలేదు కదా!

ఇక దెబ్బ తగిలితే ఏం చెయ్యాలి? ముందు ఆట ఆపాలి. మనవాళ్ళు చేసే మొదటి పని వేలు పట్టుకుని గుంజడం, బామ్ రాసి గట్టిగా రుద్దడం. రెండూ వద్దు. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టాలి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి. చర్మం చిట్లితే సబ్బునీళ్ళతో కడిగి, ధనుర్వాతం ఇంజక్షను సంగతి డాక్టరును అడగాలి. గోరు కింద నెత్తురు గడ్డకట్టి సలుపుతుంటే ఇంట్లో సూది కాల్చి గుచ్చకండి, అది డాక్టరు పని. ఊడిన బొటనవేలి గోరు పూర్తిగా పెరగడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, కంగారుపడొద్దు.

చిన్నవేలు విరిగితే పక్కవేలితో కలిపి, మధ్యలో దూది పెట్టి పట్టీ వేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో అతుక్కుంటుంది. బొటనవేలు సంగతి వేరు. నడకలో వేళ్ళన్నిటిలోకీ ఎక్కువ బరువు దానిమీదే పడుతుంది. అందుకే వేలు వంకరపోయినా, మోపలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. నాటు కట్టు కట్టించుకుని ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. కార్డున్న కార్మిక కుటుంబాలకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉండనే ఉంది.

పరుగులో బొటనవేలు వెనక్కి విరుచుకుపోయి మొదట్లో కీలు వాస్తే దాన్ని ‘టర్ఫ్ టో’ అంటారు. కృత్రిమ గడ్డి మీద ఆడే అమెరికా ఆటగాళ్ళలో చూసి 1976లో అక్కడి వైద్యులు పెట్టిన పేరు. గట్టినేల మీద మెత్తటి అట్టలాంటి బూటుతో పరుగెత్తేవారికీ రావచ్చు. నమాజులో కుడిపాదం నిలబెట్టి కూర్చున్నప్పుడు ఈ నొప్పి బాగా తెలుస్తుంది. అలాంటప్పుడు పంతం వద్దు, అనారోగ్యంలో కుర్చీమీద కూర్చునే వెసులుబాటు ఉంది.

దెబ్బేమీ లేకుండానే అర్ధరాత్రి బొటనవేలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటే అది బెణుకు కాకపోవచ్చు, యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. దావతుల మర్నాడు పెద్దవాళ్ళు చూపించే వేలు చాలాసార్లు ఇదే. పాయా మీద మాకేమీ కోపం లేదు గానీ, రక్తపరీక్ష చేయించుకోండి.

చివరిగా షుగరున్నవారికి ఒక్కమాట. మీకు నొప్పి తెలియకపోవడమే ప్రమాదం. చెప్పులో రాయి గుచ్చుకుని పుండుపడినా తెలియదు. రోజుకు ఐదుసార్లు వజూలో పాదాలు కడుగుతారు కదా, వేళ్ళ సందుల్లో చూడండి, తరవాత తడి లేకుండా తుడవండి. నల్లబడ్డా, చీము కనిపించినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. గోళ్ళు మూలలు గుండ్రంగా తియ్యకుండా తిన్నగా కత్తిరించండి. పిల్లలకు బూట్లు కొనేటప్పుడు సాయంత్రంపూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. అన్నిటికంటే పొడుగువేలి ముందు బొటనవేలంత జాగా ఉండాలి.