మెడ కింది గడ్డను తక్కువగా చూడొద్దు



పొదుపు, అప్పుల లెక్క నివేదికలో ఉంది. ఈసారి మేము చేసిన ఒక తప్పు చెప్తాం. ఆ అక్క ఒప్పుకున్నాకే చెప్తున్నాం, పేరు మాత్రం అడగొద్దు.

ఆమె వరుసగా నాలుగు మీటింగులకు రాలేదు. తీర్మానం ప్రకారం జరిమానా రాశాం గానీ ఇంటికి పోయి ఎందుకని అడగలేదు. చివరికి పోతే మంచంలో ఉంది. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ, నొప్పి లేదు. సాయంత్రమైతే జ్వరం, రాత్రి చీర తడిసేంత చెమట, మనిషి సగమైంది. తనకు హెచ్ఐవీ ఉందని అప్పుడే చెప్పి ఏడ్చింది. "మీకు తెలిస్తే నాకు గ్లాసు వేరే పెడతారని భయపడ్డ" అన్నది. ఎవరైనా చూస్తారని ఏఆర్‌టీ సెంటర్‌కు పోవడం కూడా మానేసిందట.

అప్పటికి టీబీ మందులు వాడుతోంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మన దగ్గర టీబీ ఎక్కువ, ముందు అదే అనుకుంటారు. కానీ రెండు నెలలైనా గడ్డ తగ్గకపోగా పెరిగింది. మేము తోడుపోయి ఏఆర్‌టీ సెంటర్‌లో చూపిస్తే పెద్ద దవాఖానకు పంపారు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేసి, లింఫోమా అన్నారు.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పింది. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్ ఇది. మెడలో, చంకలో, గజ్జల్లో బిళ్లలు కట్టొచ్చు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇది అంటుకునే రోగం కాదు. కీమోతో చాలామందికి నయమవుతుంది. కీమో నడుస్తున్నా ఏఆర్‌టీ సొంతంగా ఆపొద్దు. రెండు చోట్ల డాక్టర్లకూ అన్ని మందుల చీటీలు చూపించాలి.

మూడు వారాలకోసారి, ఆరుసార్లు కీమో ఎక్కించారు. వైద్యం ఆరోగ్యశ్రీలో అయింది. బస్సు ఛార్జీలకు, తిండికి సంఘం నుంచి అప్పు ఇచ్చాం, వంతులు వేసుకుని తోడు పోయాం. జరిమానా కొట్టేశాం. ఇప్పుడు గడ్డ లేదు. చెకప్‌లకు పోతోంది, మీటింగులో మా పక్కనే కూర్చుంటోంది. అందరం ఒకే బిందెలో నీళ్లు తాగుతున్నాం.

మా సంఘం ఇప్పుడు కొత్త తీర్మానం రాసుకుంది. ఎవరైనా రెండు మీటింగులకు రాకపోతే, జరిమానా రాసే ముందు ఇద్దరం ఇంటికి పోయి అడగాలి. అక్కడ విన్నది బయట చెప్పొద్దు. 2017 చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉన్నవాళ్ల పట్ల వివక్ష చూపకూడదని, వాళ్ల విషయం ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని మాకు శిక్షణలో చెప్పారు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు, పైసలు పడవు.

గడ్డ రెండు వారాలైనా తగ్గకపోతే దవాఖానకు పోండి. మందులు వాడినా తగ్గకపోతే "ముక్క పరీక్ష చేయాల్నా సారూ" అని అడగండి. అడగడానికి ఒక్కరే భయపడితే, సంఘం నుంచి ఇంకొకరు తోడు పోండి.