పంచాయతీ ట్రాక్టరు తాళము బిగుసుకొనినపుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

సర్పంచులారా, వార్డు సభ్యులారా,

2019 సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రమున పల్లె ప్రగతి కార్యక్రమము ఆరంభమైనది. దాని క్రింద తరువాతి కాలమున, నాటికి గల 12,769 గ్రామ పంచాయతీలకును ఒక్కొక్క ట్రాక్టరు, దానితోపాటు ట్రాలీయు, నీటి ట్యాంకరును సమకూర్చబడినవి. చెత్త తరలించుటయందును, మొక్కలకు నీరు పోయుటయందును ఇవి చేయుచున్న సేవ మీ యెదుట మేము వర్ణింపనక్కరలేదు. నాడు క్రొత్తవిగా వచ్చిన బండ్లు నేడు పాతబడుచున్నవి. టైరు అరిగినచో కంటికి కనబడును. ఇంజను నల్లని పొగ విడిచినచో ఊరందరికిని తెలియును. కాని తాళపుచెవి పెట్టు స్విచ్చి అరుగుట ఎవరును గమనింపరు. ఒక ఉదయమున ఆ చెవి తిరుగనని మొరాయించును. బండి యంతయు బాగుగనే యున్నను, ఆనాటి చెత్త వాకిళ్లలోనే నిలిచిపోవును. ఈ చిన్న భాగమును గూర్చియే నేడు కొన్ని మాటలు మనవి చేయుదుము.

దీనికి ఇగ్నిషను స్విచ్చి యని పేరు. నిజమునకు డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడికే డీజిలు మండును. పెట్రోలు కార్లనుండి వచ్చిన పేరు అట్లే నిలిచిపోయినది. ట్రాక్టరునందు దీని ముఖ్యమైన పని మీటర్లకు కరెంటు నిచ్చుట, సెల్ఫు మోటారును త్రిప్పించుట. చాల ట్రాక్టర్లలో ఇంజను ఆపుటకు వేరుగా లాగుడు పిడి యుండును. అందుచే పిడి లాగి ఇంజను ఆపిన డ్రైవరు, చెవిని వెనుకకు త్రిప్పుట మరచి ఇంటికి పోవుట కద్దు. తెల్లవారునప్పటికి బ్యాటరీ దిగిపోవును. అది వేరు సంగతి.

తాళము ఎందుకు బిగుసుకొనునో తెలియవలెనన్న, లోపల ఏమున్నదో తెలియవలెను. బయట ఒక గొట్టము, దానిలో తిరుగు దిమ్మె ఒకటి యుండును. ఆ దిమ్మెలో సన్నని లోహపు రేకులు వరుసగా, ఒక్కొక్కటి ఒక చిన్న స్ప్రింగు మీద నిలిచియుండును. చెవి లేనపుడు ఈ రేకుల అంచులు గొట్టపు గాడిలోనికి పొడుచుకొని వచ్చి దిమ్మెను తిరుగనీయవు. సరియైన చెవిని దూర్చగనే దాని పండ్లు రేకుల నన్నింటిని తగిన యెత్తునకు జరుపును, అంచులు లోనికి పోవును, దిమ్మె తిరుగును. ఒక్క రేకు వెండ్రుకవాసి అడ్డము వచ్చినను చాలును, చెవి కదలదు. ఇంత సున్నితమైన అమరికలో దుమ్ము చేరినచో ఏమగునో మీరే ఊహింపవచ్చును. పంచాయతీ ట్రాక్టరు తిరుగునది చెత్తకుప్పల నడుమ; రాత్రివేళ నిలుచునది, షెడ్డు లేనిచోట, చెట్టు క్రింద.

ఆ దుమ్మునకు తోడు మనవారు చేయు వైద్య మొకటి కలదు. చెవి బిర్రుగా తిరిగినచో ఇంజను ఆయిలు రెండు బొట్లు వేయుదురు. ఆనాటికి హాయిగా తిరుగును. కొలది నెలలలో ఆ నూనె దుమ్మును పట్టుకొని అడుసువలె నగును. రేకులు స్ప్రింగుల మీద ఆడుట మానును. గ్రీజు ఇంకను చెడ్డది. తాళమునకు జిడ్డు పనికిరాదు, పొడి కావలెను. ఆ పొడి పేరు గ్రాఫైటు. ఇనుప సామానుల దుకాణములలో దొరకును.

శుద్ధి చేయుటకు ముందు రెండవ చెవిని తెప్పించి పెట్టి చూడవలెను. రెండవది సులువుగా తిరిగినచో తాళము మంచిదే, అరిగినది మొదటి చెవి. ఇచ్చట ఒక పొరపాటు తరచు జరుగుచున్నది. అరిగిన చెవినే బజారునకు గొనిపోయి నకలు చేయింతురు. నకలులో ఆ అరుగుదల కూడ దిగును. దానికి మరల నకలు చేసినచో ఇక చెప్పనేల! వాడని అసలు చెవి నుండియే నకలు తీయింపవలెను. కంపెనీ యిచ్చిన చెవి మీద నంబరు చెక్కియున్నచో దానిని రిజిస్టరులో వ్రాసి యుంచుడు. డీలరు వద్ద అది ఉపకరింపవచ్చును.

రెండు చెవులును బిగుసుకొనినచో దోషము తాళములో నున్నది. బండిని న్యూట్రలులో నుంచి, హ్యాండుబ్రేకు వేసి, బ్యాటరీ మైనస్ తీగను మొదట విప్పవలెను. చెవిని గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. సైకిలు పంపుతోనో, పంక్చరు దుకాణపు గాలిగొట్టముతోనో రంధ్రములోని దుమ్మును ఊదవలెను. కండ్లలో పడకుండ ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుడు. లోపల పాత జిడ్డు ఉన్నచో, విద్యుత్ స్విచ్చులు కడుగుటకు అమ్మెడి, త్వరగా ఆరిపోవు స్ప్రేను కొంచెము కొట్టి, చెవిని పది పదునైదు మారులు దూర్చి తీయవలెను. తీసిన ప్రతిసారి చెవికి నల్లని మడ్డి అంటుకొనును. మడ్డి వచ్చుట ఆగువరకు తుడుచుచుండవలెను. ఈ పనికి ఓపిక కావలెను. పలువురు సగములోనే మానుదురు. బాగుగ ఆరిన పిదప చిటికెడు గ్రాఫైటు వేసి చెవిని మెల్లగా ఇటునటు ఆడింపుడు. చిటికెడే సుమా! గ్రాఫైటు గుండ కరెంటు పారును గనుక, ఎక్కువ పోసినచో వెనుకనున్న స్విచ్చిలోనికి దిగవచ్చును. గ్రాఫైటు దొరకనిచో మెత్తని పెన్సిలుతో చెవి రెండు వైపుల రుద్ది వాడవచ్చును. పెన్సిలు ముల్లులో బంకమట్టి కూడ కలియును గావున అది రెండవ పక్షము.

స్వంత కారు గలవారికి ఒక మాట. స్టీరింగు తాళము గల కార్లలో చక్రము ఒక ప్రక్కకు ఒత్తుకొని నిలిచినపుడు చెవి తిరుగదు. తాళము చెడినదని తొందరపడక, ఒక చేత చక్రమును ఇటునటు మెల్లగా ఆడించుచు రెండవ చేత చెవి త్రిప్పుడు.

చెవి తిరుగనపుడు పటకారుతో పట్టి మెలివేయుట, సుత్తితో తట్టుట కూడదు. చెవి విరిగి లోపల నిలిచినచో, రెండవ చెవితో దానిని లోనికి నెట్టక, సన్నని ముక్కు గల పటకారుతో లాగవలెను. రానిచో మెకానిక్కును పిలువవలెను.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. తాళము మొరాయించుటతో కొన్ని యూళ్ల డ్రైవర్లు తీగలు రెండు బయటికి లాగి కలిపి బండి నడుపుదురు. మరికొందరు నేలమీద నిలిచి స్క్రూడ్రైవరుతో సెల్ఫు మోటారు బోల్టులను కలుపుదురు. ట్రాక్టరు గేరులో నున్నచో ఇంజను అందుకొన్న క్షణముననే బండి ముందుకు దుముకును. పెద్ద చక్రము ఎదుటనే మనిషి నిలిచియుండును. క్లచ్చి త్రొక్కనిదే సెల్ఫు తిరుగకుండ అమర్చిన రక్షణ కూడ ఈ పద్ధతిలో పనిచేయదు. అనేక దేశములలో రైతులు ఇట్లే మరణించిరి. తీగలు వ్రేలాడు బండిని బడిపిల్లవాడు సైతము కదిలింపగలడు. దొంగ సంగతి చెప్పనక్కరలేదు. అట్టి బండిని చూచిన సభ్యుడు ఎవరైనను సరే, స్విచ్చి మార్చువరకు దానిని కదలనీయకుండుట మంచిదని మా అభిప్రాయము. ఒక దినము చెత్త నిలిచిన నిలువనీయుడు.

శుద్ధి చేసినను తిరుగని స్విచ్చిని మార్చుటయే దారి. బ్యాటరీ తీగ విప్పి, వెనుకనున్న తీగలు ఏవి ఏ ముల్లునకు ఉన్నవో ఫోనుతో ఫోటో తీసికొనిన పిమ్మటనే ఊడదీయవలెను. పాతదానిని వెంట గొనిపోయి, ముల్లుల సంఖ్యయు గుర్తులును సరిచూచి క్రొత్తది కొనవలెను. క్రొత్త స్విచ్చితో రెండు చెవులు వచ్చును. ఒకటి డ్రైవరునకు, రెండవది కార్యదర్శి బీరువాకు, రిజిస్టరులో సంతకముతో. డ్రైవరు చెవికి గొలుసులు, ఇంటి తాళపుచెవుల గుత్తి తగిలింపవలదు. బండి కుదుపునకు ఆ బరువు ఊగి తాళమును అరుగదీయును.

పంచాయతీ ట్రాక్టరును బయట నిలిపించినాము. గ్రాఫైటు డబ్బా, పంపు తెచ్చితిమి. డ్రైవర్లు ముందుగా రండు; బ్యాటరీ తీగ విప్పుటతో మొదలిడుదము.