గుత్తికొండ బిలంలో గుడ్డి జీవి

పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని కథ. పిడుగురాళ్ళ దగ్గరి ఆ సున్నపురాతి గుహకు తొలి ఏకాదశినాడు జనం పోటెత్తుతారు, లోపలి నీటిలో స్నానాలు చేస్తారు. ఆ బిలంలోని నీటిలోనే కాపురముంటున్న ఒక జీవికి 2011 దాకా శాస్త్రంలో పేరు లేదు.

ఇప్పుడు దాన్ని ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్ అంటున్నారు. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టం. కళ్ళు లేవు, ఒంటికి రంగు లేదు. చీకట్లో ఆ రెండూ దండగే కదా! ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం శాస్త్రవేత్త జార్జ్ విల్సన్ కలిసి జూటాక్సా పత్రికలో దాన్ని వర్ణించారు. షాబుద్దీన్ అన్నది వాళ్ళ తోటి పరిశోధకుడి పేరు.

కొత్త జాతి అని చెప్పాలంటే జీవి దొరికితే చాలదు. సూక్ష్మదర్శిని కింద కాళ్ళు, నోటి భాగాలు ఒక్కొక్కటే విడదీసి, వాటిమీది నూగుతో సహా బొమ్మలు గీసి, బంధుజాతులతో పోల్చాలి. ఒక నమూనాను ప్రామాణికంగా భద్రపరచాలి. తొందరపడేవాళ్ళ పని కాదు.

ఆ పోలికలోనే అసలు విశేషం బయటపడింది. దీని కుటుంబంలోని చాలా జీవులు పశ్చిమ ఆస్ట్రేలియాలో, టాస్మేనియాలో ఉన్నాయి. సముద్రం దాటలేని మంచినీటి జీవి ఇక్కడికెలా వచ్చింది? భారతదేశం, ఆస్ట్రేలియా గోండ్వానా అనే ఒకే భూఖండంగా ఉన్నప్పుడే దీని పూర్వీకులు ఇక్కడ ఉన్నారని శాస్త్రవేత్తల అంచనా. ఆ నేలలు విడిపోయి సుమారు 13 కోట్ల ఏళ్ళు.

2015లో బేలం గుహల నుంచి దీని తోబుట్టువు కూడా వెలుగులోకి వచ్చింది: ఆంధ్రకాయిడిస్ గెబౌరి.