అమ్మదలచిన పాత యింటికి ముంగిలి దిద్దుట



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలందురు. ఇల్లు అమ్మి చూడుమని వారనలేదు. పూర్వము తాత కట్టిన యింటిలో మనుమడు కాపురముండుట సహజము గావున ఆ మాటతో వారికి పని లేకపోయెను. నేడు ఆ మూడవ పనియు మనకు తప్పుట లేదు. పిల్లలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో కొలువులలో స్థిరపడిరి. తల్లిదండ్రులు ముదిమి పైబడి వారి చెంతకు పోవలసివచ్చుచున్నది. పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచియొద్ద కియా మోటారు కర్మాగారమున 2019లో కార్ల తయారీ మొదలైనది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది. ఇట్టి మార్పులతో మన యూళ్లకు క్రొత్తవారు వచ్చుచున్నారు. వారికి ఇండ్లు కావలెను. మనవద్ద పాత యిండ్లున్నవి. కావున అమ్మువాడు ఇంటి వెలుపలి రూపమును ఎట్లు దిద్దవలెనో, ఎంతవఱకు దిద్దవలెనో నేడు విచారింతము.

ముంగిలి యనునది చక్కని తెలుగుమాట. ఇంటి ముందు అను రెండు పదములు తలక్రిందులై కలిసి ముంగిలి యైనవని వ్యాకరణవేత్తలు చెప్పుదురు. కొనవచ్చువాడు మొదట చూచునది ముంగిలినే. ఊడ్చి, చల్లి, ముగ్గుపెట్టిన వాకిలి యొకటి, పిచ్చిమొక్కలు మొలిచి సున్నము రాలిన వాకిలి యొకటి అతని కంటబడినచో, లోపలి గదులు సమానమే యైనను అతని మనస్సున వెల సమానముగా నుండదు. కాబట్టి అమ్మదలచిన యింటికి ముంగిలి దిద్దుట తప్పు కాదు. పెండ్లిచూపులనాడు పిల్లకు తల దువ్వి పువ్వులు పెట్టుట మోసమగునా? కాదు. కాని లేని ప్రాయమును ఉన్నదని చెప్పుట మోసమగును. ఈ రెంటి నడుమ గల గీత యెచ్చటనో తెలిసికొనుటయే యీ ప్రసంగమున ముఖ్యము.

నేడు సామాన్యముగ జరుగుచున్న దేమి? ఇల్లు అమ్మదలచినవాడు మేస్త్రీని పిలుచును. ఆతడు ముందుగోడకు సిమెంటు పూసి, దానిపై మెఱుగు పలకలు అతికించి, మిగిలిన భాగమునకు నిగనిగలాడు ప్లాస్టిక్కు రంగు వేయవలెనని చెప్పును. చేతనున్న సొమ్మంతయు అందుకే వ్యయమగును. మిద్దె కాఱుచునే యుండును. గోడ పాదము చెమ్మగిలుచునే యుండును. పైన పటారము, లోన లొటారము అను సామెత యిట్టి యిండ్లకే తగును. నేను చెప్పదలచినది మూడు మాటలలో నున్నది: మొదట నీటిని ఆపవలెను, పిదప కంటిని మెప్పింపవలెను, దేనినిని దాచరాదు.

ఏ పని యైనను మొదలుపెట్టుటకు ముందు, కొనువా డెవ్వడో యూహింపవలెను. కొనువాడు పాత యింటిని పడగొట్టి క్రొత్తది కట్టుకొనువాడే యైనచో, అతడు స్థలమునకు వెల కట్టునేగాని గోడకు కట్టడు. అట్టి యింటికి రంగులు వేయుట బూడిదలో పోసిన పన్నీరు. వాకిలి శుభ్రపఱచి, ఎల్లలు స్పష్టముగా చూపి, పత్రములు సరిచూచుకొనిన చాలును. కొనువాడు కాపురముండువాడైనచో మాట వేఱు. ధర్మవరమున పట్టుచీరలు నేయువాడు కొనవచ్చినప్పుడు గుంటమగ్గము పెట్టుచోట వెలుతురున్నదా, గోడ క్రింద చెమ్మ యున్నదా యని చూచును. చెమ్మ గుంటలోనికి దిగిన యెడల మగ్గమునకును ముప్పు, కాళ్లకును ముప్పు. హిందూపురపు అంగడివీధులలో వర్తకుడు ముందుగది వీధికి ఎంత తెఱపిగ నున్నదో, సరకు దింపుటకు చోటున్నదో లేదో చూచును. పెనుకొండలో కొలువునకై పైయూరినుండి వచ్చినవాడు నీటి వసతిని, వాహనము నిలుపు తావును చూచును. ముగ్గురును చూచునది ముంగిలినే గాని, ముగ్గురు చూచు చూపులును వేఱు. ఇది తెలియక చేసిన యలంకారము వ్యర్థమగును.

ఇక మన పాత యింటి శరీరతత్త్వమును తెలిసికొందము. మన సీమలో పాత గోడలు చాలవఱకు రాతిని బంకమన్నుతో పేర్చి కట్టినవి. కలవారి యిండ్లు గానుగ సున్నముతో కట్టినవి. పైకప్పు మిద్దె. దూలములపై దంతెలు, వానిపై పలకలో బండలో పఱచి, మన్ను పోసి, దానిపై చవుటిమన్ను కప్పుదురు. చవుటిమన్ను తడిసినప్పుడు మెత్తబడి సందులు పూడి నీటిని క్రిందికి దిగనీయదు. ఇట్టి గోడ చెమ్మను కొంత పీల్చును. ఎండ కాచినప్పుడు మరల వెలుపలికి విడుచును. సున్నపు పూత ఈ రాకపోకలకు అడ్డు రాదు. సిమెంటు పూత అట్లు కాదు. అది గట్టిది, బిగువైనది. క్రిందినుండి ఎక్కిన నీరు వెలుపలికి రాలేక లోపలనే నిలుచును. మట్టిగోడ మెత్తబడును, లవణములు పేరుకొని పూతను లోపలినుండి త్రోయును. కొన్నియేండ్లకు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడును. ఊడునప్పుడు తనతో గోడ మన్నును గూడ పెల్లగించుకొని పోవును. రోగికి ఊపిరి యాడనీయక పట్టుశాలువ కప్పినట్టిది ఈ వైద్యము.

సున్నము బలహీనమని తలంచువారు పెనుకొండలోని గగనమహలును చూడవలెను. 1565లో తళ్ళికోట యుద్ధమునకు పిమ్మట విజయనగరపు రాజధాని పెనుకొండకు మాఱినది. ఆ ప్రభువుల నాటి యీ మహలు రాయి, ఇటుక, సున్నములతో కట్టబడినది. పోర్ట్‌లాండు సిమెంటునకు ఇంగ్లండులో హక్కుపత్రము వచ్చినది 1824లో. అనగా మన మహలు నిలిచిన యెన్నో తరములకు గాని సిమెంటు పుట్టలేదు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్తరువులును సున్నపు గచ్చుమీదనే నిలిచియున్నవి. సిమెంటు చెడ్డదని నా మాట కాదు. సిమెంటుతో కట్టిన యింటికి సిమెంటు తగును. మన్నుతో కట్టిన యింటికి సున్నము తగును. వంటయింటి కత్తి కత్తియే, మంగలికత్తియు కత్తియే. పని మాఱినచో గాయమగును.

పని వరుస యిట్లుండవలెను. మొట్టమొదట మిద్దె యెక్కి చూడవలెను. మొలిచిన గడ్డిని వేళ్లతో తీసి, పల్లములు సరిచేసి, క్రొత్త చవుటిమన్ను పఱచవలెను. వాననీరు వదలు దోనెలలో చెత్త తీసివేయవలెను. దోనె పొట్టిదై నీరు గోడవెంట జాఱుచున్నచో దానిని ముందునకు సాగింపవలెను. మనది వాన తక్కువ సీమ యని యేమఱరాదు. వచ్చిన వాన ఒక్కపెట్టున వచ్చును. 2021 నవంబరు వానలకు చిత్రావతి యెట్లు పొంగినదో మీరు మఱచియుండరు. ఏడాది పొడవున ఎండిన మిద్దెను ఒక్క రాత్రి వాన చెఱుపగలదు.

రెండవది గోడ పాదము. ఇంటిచుట్టును నేల వాలు వీధివైపునకు ఉండవలెను గాని గోడవైపునకు ఉండరాదు. ఏండ్ల తరబడి వీధికి మన్నును తారును పోసి ఎత్తు పెంచుటచే అనేకములైన పాత యిండ్లు పల్లమైనవి. అట్టిచోట గోడవెంట చిన్న కాలువ త్రవ్వి నీటిని మఱలింపవలెను. తిన్నెను గూర్చియు నొక మాట. బండి నిలుపుటకని తిన్నెను పగులగొట్టుచున్నారు. తిన్నె కూర్చుండుటకు మాత్రమే కాదు. వానజల్లు గోడ మొదలును తాకకుండ కాచు కవచము గూడ నదియే. తీయక తప్పనిచో ఒకవైపు మాత్రము తీసి, బయటపడిన గోడమొదలును రాతితోను సున్నముతోను కట్టవలెను.

మూడవది పూత. వదులైన సిమెంటు పెచ్చులను మెల్లగా రాల్చి, గోడను కొన్నాళ్లు ఆఱనిచ్చి, సున్నపు గచ్చు పూయవలెను. కాల్చిన సున్నమును నీట విఱిచి, రెండు మూడు వారములైనను నానబెట్టవలెను. విఱుచునప్పుడు అది కుతకుత ఉడుకును. కన్నులలో పడినచో ప్రమాదము గావున పిల్లలను దూరముగా నుంచవలెను. సున్నమొక పాలు, ఇసుక రెండు మూడు పాళ్లు కలిపి గానుగలో నూరింపవలెను; గానుగ దొరకనిచోట రోకళ్లతో బాగుగ దంపవలెను. పూసిన పిదప కొన్నిదినములు తడుపుచుండవలెను. మండువేసవిలో ఈ పని పెట్టుకొనరాదు. తడి త్వరగా ఆఱిపోయి పూత బీటలు వాఱును. వానలు వెనుకబట్టిన కార్తిక మార్గశిరములు దీనికి అనువైనవి. పైన వెల్లవేయునప్పుడు సున్నపునీటిలో కొంచెము తుమ్మజిగురు కలిపి, గోడ తడిపి, పలుచగా రెండు మూడు మాఱులు వేయవలెను. క్రింద ఎఱ్ఱమన్ను పట్టె తీర్చినచో మన యింటికి మన అందము వచ్చును. తక్కువ సొమ్ముతో వచ్చును.

నాలుగవది తలుపు. మన పాత వాకిళ్లకు చెక్కడపు ద్వారబంధములు గలవు. ఇల్లమ్ముటకు ముందే వానిని వేఱుగా పెఱికి, పాతవస్తువుల వ్యాపారులకు అమ్మి, ఆ చోట ఇనుపతలుపు పెట్టువారున్నారు. ముఖమునుండి ముక్కు తీసి అమ్ముకొనుట వంటి దిది. తలుపును కడిగి, పాత రంగు గీకి, అవిసెనూనె పట్టించిన యెడల కఱ్ఱ జీవము తిరిగివచ్చును. పట్టించుటకు ముందు ద్వారబంధము మొదట తట్టి చూడవలెను. బోలుగా మ్రోగినచో లోపల చెద యున్నదని అనుమానింపవలెను. దానికి మందు వేయింపక పై రంగు వేయుట వ్యాధిని పోషించుటయే.

ఇక బీటల సంగతి. వెండ్రుకవంటి బీట పూతది మాత్రమే కావచ్చును. వ్రేలు దూఱు బీట, పైకి పోనుపోను వెడల్పగు బీట, కిటికీ మూలనుండి ఏటవాలుగా సాగు బీట గోడ కదలికకు గుర్తులు. అట్టి బీటపై అడ్డముగా చిన్న గాజుపలకను సున్నముతో అతికించి, తేదీ వ్రాసియుంచవలెను. కొన్ని నెలలలో గాజు పగిలినచో గోడ యింకను కదలుచున్నదని తెలియును. అప్పుడు ఇంజనీరును పిలువవలెను గాని, రంగులవానిని గాదు.

ఇచ్చటనే ధర్మశాస్త్రమును, రాజశాసనమును ఒక్కమాట చెప్పుచున్నవి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, వేఱు ఒడంబడిక లేనిచోట, ఇంటియందు గల ముఖ్యమైన లోపము అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, అతడు సాధారణమైన జాగ్రత్తతో కనుగొనలేనిదైన పక్షమున, అమ్మువాడు దానిని చెప్పితీరవలెను. చెప్పకుండుట మోసముగా పరిగణింపబడునని ఆ సెక్షనే పలుకుచున్నది. కదలుచున్న గోడబీటపై మెఱుగు పలకలు అతికించి యూరకుండువాడు ఏ కోవకు చెందునో మీరే యోచింపుడు. కొనువాడు జీవితకాలపు కూడబెట్టును మన చేతిలో పోయుచున్నాడు. ఆ కప్పుక్రింద నిద్రించునది అతని బిడ్డలు.

నిజము చెప్పినచో వెల తగ్గునని భయపడువారు కలరు. కొంత తగ్గవచ్చును. కాని మిద్దె బాగుచేసి, కాలువ త్రవ్వి, సున్నము పూసి, ఏ పని యెప్పుడు చేయించితిమో, ఎంత వ్యయమైనదో ఒక కాగితముమీద వ్రాసి చూపినయెడల, కొనువానికి నమ్మకము కలుగును. మెఱుగుపలకల వెనుక నేమున్నదో యని శంకించువాడు ఆ శంకకు గూడ వెల తగ్గించి యడుగును. నమ్మినవాడు ఆ బేరమాడడు.

పెద్దలారా, ఊరిలో ఇల్లు చేయి మాఱునప్పుడు ఇరువురును మిమ్మే నడుమ కూర్చుండబెట్టుదురు, సాక్షిసంతకము మీదే. కావున సంతకము పెట్టుటకు ముందు మీరొక్కసారి మిద్దె యెక్కుడు. లేదా ఎక్కగలవానిని ఎక్కింపుడు. గోడ మొదట చేయిపెట్టి చెమ్మ చూడుడు. బీటలెన్ని యున్నవో అమ్మువానిచేతనే చెప్పింపుడు. అమ్మువాడు మన యూరు విడిచి పోవుచున్నాడు. కొనువాడు మన యూరివాడగుచున్నాడు. పోవువానికి మంచిపేరును, వచ్చువానికి చల్లని నీడయు దక్కునట్లు చేయుట మీ చేతిలోని పని.