వైద్యవిద్యార్థియు పరిశోధనయు
(రామగుండమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



సింగరేణి బొగ్గుగనుల సంస్థ ద్రవ్యసాహాయ్యముతో ఈ రామగుండమున 2022వ సంవత్సరమున వైద్యకళాశాల ప్రారంభింపబడినది. అంతకు పూర్వము వైద్యవిద్య నభ్యసింపగోరిన మన పిల్లలు వరంగల్లునకో, కరీంనగరమునకో, హైదరాబాదునకో పోవలసియుండెను. నేడు కళాశాల మన ముంగిటనే యున్నది. కావున “మా పిల్లవానికి సీటు వచ్చునా?” యని తల్లిదండ్రు లడుగుట సహజము. నే నింకొక ప్రశ్న నడిగెదను. సీటు వచ్చిన పిల్లవాడు రోగినుండి యేమి నేర్చుకొనుచున్నాడు?

ఇందుకు ముందుగా నా విద్యార్థిదశలోని యొక తప్పు నొప్పుకొనవలసియున్నది. క్షయరోగులు మందును నడుమ మానుటకు గల కారణములను దెలిసికొనుటకై మా జట్టు 40 ఇండ్లకు పోవలసియుండెను. 26 ఇండ్లకే పోయితిమి. ఎండలు మిక్కుటముగా నుండెను, పరీక్షలు దగ్గరపడెను. తక్కిన 14 కాగితములను వసతిగృహమున గూర్చుండి మేమే నింపితిమి. మా నివేదికను పెద్దలు మెచ్చుకొనిరి. తరువాత నేను వైద్యుడనై, మందు మానిన రోగి యెదుట గూర్చుండినప్పుడెల్ల ఆ 14 తలుపులు జ్ఞప్తికి వచ్చుచున్నవి. వానిని తట్టియుండినచో నేమి వినియుందుమో నే డెవ్వరును జెప్పజాలరు.

పరిశోధన పెద్దల పనియని మనవారి యభిప్రాయము. 1869లో బెర్లిను నగరమున పౌల్ లాంగర్‌హాన్స్ అను వైద్యవిద్యార్థి క్లోమమునందు చిన్నకణముల గుంపులను గనుగొని, వాని పని యేమో తనకు దెలియదని వ్రాసెను. ఆ కణములనుండియే ఇన్సులిన్ పుట్టునని తరువాత దేలినది. 1921లో టొరంటోలో దానిని వెలికిదీసిన యిరువురిలో బాంటింగు వైద్యుడు. బెస్టు విద్యార్థిదశ దాటనివాడు. “తెలియదు” అని నిజము వ్రాసిన విద్యార్థివలన లోకమునకు మేలు గలిగినది. తెలిసినట్లు వ్రాసిన మావలన నెవ్వరికిని గలుగలేదు.

పెద్దల మాటయైనను పరీక్షకు నిలువవలయును. మన హైదరాబాదు వైద్యపాఠశాల ప్రధానాచార్యుడగు డాక్టరు లారీ, 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారమునుగూర్చి పరిశోధనలు జరిపించి, అది శ్వాస నాపునే కాని గుండెను నేరుగా నాపదని ప్రకటించెను. 1911లో లెవీ యను వైద్యుడు అది గుండెను సైతము హఠాత్తుగా నాపగలదని ప్రయోగములచే నిరూపించెను.

మన విద్యార్థి పరిశోధించుటకు వస్తువు దూరమున లేదు. బొగ్గుబాయిలో పనిచేయు కార్మికునకు మధుమేహము వచ్చినదనుకొందము. వైద్యుడు చీటిపై “ఉదయ మొకటి, రాత్రి యొకటి” యని వ్రాయును. రాత్రి షిఫ్టు దిగి తెల్లవాఱి యిల్లు జేరి పండుకొనువానికి ఉదయ మేది? రాత్రి యేది? షిఫ్టు మాఱిన వారమున నతడు మందు నెప్పుడు మ్రింగుచున్నాడు? అన్న మెప్పుడు తినుచున్నాడు? ఈ ప్రశ్నలకు గొప్ప యంత్రములు వలదు. ఓపిక, కాగితము, నిజాయితీ చాలును. ఇట్లడిగి తెలిసికొన్న విద్యార్థి రేపు వైద్యుడై చీటి వ్రాయునపుడు, “నాయనా, నీ కేషిఫ్టు?” అని తప్పక యడుగును. రోగికి జికిత్సయు, విద్యార్థికి విద్యయు నిచ్చటనే యొక్కటి యగుచున్నవి.

భారత వైద్య పరిశోధన మండలి వైద్యవిద్యార్థుల రెండునెలల పరిశోధనకు వేతన మొసంగు పద్ధతిని 1979లోనే యేర్పఱచినది. అది యడిగినవారి కందఱకును లభించునది గాదు. మన సంఘము మార్కులకు బంగారుపతకముల నిచ్చుచున్నది; అది మంచిదే. దానితోపాటు ఏటేట నొక విద్యార్థికి రెండునెలల భోజనవ్యయమును, బస్సుఖర్చును, కాగితముల ఖర్చును భరింపుడని పోషకులను బ్రార్థించుచున్నాను.

ఇందుకు మూడు నియమములు. కళాశాల నీతిసంఘము అనుమతియు రోగి సమ్మతియు లేక యేమియు నడుగరాదు. రోగి మనకు గురువే కాని వస్తువు గాడు. ఫలిత మాశించినట్లు రాకున్నను, 40కి 26 ఇండ్లే తిరిగినను, ఉన్నదున్నట్లు వ్రాసినవానికి వేతన మాపరాదు. ఆ నివేదికను మఱుసటి మహాసభలో తెనుగున జదివి వినిపింపవలయును.

నేను వదలిన 14 తలుపులను మన పిల్లలైన దట్టుదురుగాక యని కోరుచున్నాను.