తుపాకుల తుక్కుతో చేసిన కుర్చీ

(యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కుర్చీ అంటే ఉట్టి నాలుగు కాళ్ల సామాను కాదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరు కుర్చీలో కూర్చోవాలి, ఎవరు నేలమీద కూర్చోవాలి, ఎవరు చేతులు కట్టుకుని నిలబడాలి - పెత్తనమంతా అక్కడే తెలిసిపోతుంది. ఇవాళ నేను చెప్పే కుర్చీలో మాత్రం దొరా కూర్చోడు, కూలీ కూర్చోడు. అది తుక్కుతో చేసిన కుర్చీ. ఆ తుక్కు తుపాకులది.

ఆఫ్రికా తూర్పు తీరంలో మొజాంబిక్ అనే దేశం ఉంది. వందల ఏళ్లు పోర్చుగీసు దొరల కింద నలిగింది. 1964లో తుపాకీ పట్టి, 1975లో స్వాతంత్ర్యం తెచ్చుకుంది. రెండేళ్లకే, 1977లో, అంతర్యుద్ధం మొదలైంది. ప్రభుత్వానికి సోవియట్ కూటమి ఆయుధాలిచ్చింది. తిరుగుబాటు సేన రెనామోను ముందు రొడీషియా, తర్వాత దక్షిణాఫ్రికా జాతివివక్ష ప్రభుత్వం పెంచి పోషించాయి. 1992 అక్టోబరులో రోమ్‌లో సంధి జరిగేనాటికి సుమారు 10 లక్షల మంది పోయారు. తుపాకులు ఎక్కడివో గాని, చచ్చింది మాత్రం అక్కడి పల్లెజనం.

సంధి మీద సంతకాలైతే పడ్డాయి. మరి తుపాకులో? ఇళ్లల్లో, పొదల్లో, మట్టికింద అట్లాగే ఉన్నాయి. 1995లో బిషప్ డినిస్ సెంగులానే, అక్కడి క్రైస్తవ మండలి కలిసి ఒక పని మొదలుపెట్టారు. "తుపాకీ ఇవ్వండి, పార తీసుకెళ్లండి" అన్నారు. పారలు, కుట్టుమిషన్లు, సైకిళ్లు ఇచ్చారు. ఆయుధాలు పోగుచేసి ఇచ్చిన ఒక ఊరికి ట్రాక్టరే ఇచ్చారు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. శాంతి శాంతి అని నీతులు చెప్పి ఊరుకోలేదు. తుపాకీ వదిలిన చేతికి పని చూపించారు. ఖాళీ చెయ్యి మళ్లీ తుపాకీ వెతుక్కుంటుందని వాళ్లకు తెలుసు.

వచ్చిన తుపాకుల్ని పనికిరాకుండా కోసి, ఆ ముక్కల్ని రాజధాని మపూటోలోని కళాకారులకిచ్చారు. వాళ్లలో కెస్టర్ అనే ఆయన 2001లో ఈ కుర్చీ చేశాడు. పేరు 'ఆయుధాల సింహాసనం'. అందులో సోవియట్ తుపాకులున్నాయి, పోలండ్‌వి, చెకొస్లొవేకియావి, ఉత్తర కొరియావి, పాత దొరలు పోర్చుగీసులవీ ఉన్నాయి. మొజాంబిక్‌లో తయారైంది ఒక్కటీ లేదు! తుపాకులు చేసినోళ్లు ఒకళ్లు, అమ్ముకున్నోళ్లు ఒకళ్లు, మోసి చచ్చినోళ్లు ఇంకొకళ్లు. పెద్ద పెద్ద పుస్తకాలు చెప్పాల్సిన మాటను ఆ కుర్చీ నోరు తెరవకుండా చెబుతోంది.

కుర్చీ వీపున తుపాకీ మడమలున్నాయి. వాటి మీది మరచీలల గుంటలు కళ్లలాగా, పట్టీ దూర్చే సందు నోరులాగా, నవ్వే మొఖాల్లా కనిపిస్తాయి. అవి తను చెక్కినవి కావని, తుపాకుల్లోనే ఉన్నాయని కెస్టర్ చెప్పాడు.

2002లో ఆ కుర్చీని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం కొనుక్కుంది. తర్వాత అక్కడి బళ్లకూ జైళ్లకూ తిప్పి చూపించారు. మంచిదే. కానీ ఆ చావు చూసిన పల్లె ఆడమనిషి ఆ కుర్చీని చూడాలంటే సముద్రాలు దాటాలి. ఇదీ మనం అడగాల్సిన ప్రశ్నే.

కుర్చీతో యుద్ధం ఆగిపోయిందా? లేదు. 2013లో మళ్లీ కాల్పులు మొదలై, 2019లో మళ్లీ సంధి కావాల్సొచ్చింది. ఉత్తరాన కాబో డెల్గాడోలో 2017 నుంచి మరో మంట రేగింది. ఆ దేశపు జెండా మీద పుస్తకం ఉంది, పార ఉంది, తుపాకీ కూడా ఉంది. ఆ మూడింట్లో ఏది ముందుకొస్తుందన్నదే అసలు పోరాటం.

ఇనుముకు పాపం లేదు మిత్రులారా. కొలిమిలో పడితే పారవుతుంది, తుపాకీ అవుతుంది, కుర్చీ అవుతుంది. అది ఏం కావాలో చెప్పే మాట ఎవరిదన్నదే లెక్క. ఆ మాట మన చేతికి రావాలి. పుస్తకమూ పారా పట్టిన చేతికే రావాలి.